పాడయ్యేది ముందు, నిలవుండేది వెనక: నలుగురున్న ఇంట్లో వారం వంట నడిపేదెలా

ఈ కొలతలన్నీ నలుగురున్న ఇంటికి, పొద్దున ఎనిమిదిన్నరకల్లా బాక్సులు సర్దుకుని బయల్దేరాల్సిన ఇంటికి. గ్లాసు అంటే 200 మి.లీ. స్టీలు గ్లాసు. అందులో బియ్యం తలకొట్టి పోస్తే సుమారు 180 గ్రాములు వస్తాయి. చెంచా అని రాసిన చోటల్లా టీస్పూనే.

మెనూ రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించినంత మాత్రాన వారం వంట సాగదు. గురువారం గోంగూర పప్పు అని రాసుకుంటారు, మంగళవారానికే ఆకు పసుపెక్కి కూర్చుంటుంది. శుక్రవారం దోశ అనుకుంటారు, అప్పటికి పిండి నోట్లో పెట్టుకోలేనంత పులుస్తుంది. రోజుకో వంట అని కాకుండా, ఇంట్లో ఉన్న సరుకు ఎన్నాళ్లుంటుందో చూసి వరుస వేసుకోండి. ఆకుకూర ముందు, దుంపా అరటికాయా చివర. పిండి ఏ రోజు ఎంత పులుస్తుందో ఆ రోజు దానికి తగ్గ టిఫిన్. కూరగాయల బుట్ట ఖాళీ అయ్యే రోజున బయట భోజనం. ఈ లెక్కలో వారం శనివారం పొద్దున మొదలవుతుంది.

శనివారం పొద్దున: సంచి

రైతు బజారు దగ్గర్లో ఉంటే అక్కడికే వెళ్లండి. 1999లో మొదలైనప్పటి నుంచీ ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి పెట్టడం వాటి పద్ధతి. ముందు బోర్డు చూసి లోపలికి వెళ్తే బేరమాడే పని తగ్గుతుంది. ఆకుకూరల కోసమైతే ఏడున్నరలోపు చేరాలి. పది దాటాక కట్టలు నీళ్లు చల్లి పెట్టి ఉంటాయి. చూడ్డానికి తాజాగానే కనిపిస్తాయి గానీ ఆ తడితోనే ఇంటికొచ్చి రెండో రోజుకి కుళ్లుతాయి.

వారానికి సరిపోయేవి: గోంగూర రెండు పెద్ద కట్టలు, తోటకూర రెండు కట్టలు, లేత వంకాయలు అరకిలో, బెండకాయలు అరకిలో, బీరకాయలు ముప్పావు కిలో (చెక్కు పోతుంది కాబట్టి), దొండకాయలు అరకిలో, అరటికాయలు మూడు, దోసకాయ ఒకటి పెద్దది, టమాటాలు కిలో, ఉల్లిపాయలు కిలోన్నర, పచ్చిమిర్చి పావుకిలో, అల్లం, కొత్తిమీర, కరివేపాకు, నిమ్మకాయలు ఆరు.

గోంగూరలో ఎర్ర కాడదానికి పులుపెక్కువ, తెల్ల కాడది కాస్త సాదాగా ఉంటుంది. పప్పుకి ఏదైనా పర్వాలేదు, పచ్చడికి మాత్రం ఎర్రదే. బెండకాయ కొస విరిస్తే టక్కున విరగాలి, వంగితే ముదురు. వంకాయకి ముచ్చిక పచ్చగా, తొక్క నిగనిగలాడుతూ ఉండాలి.

ఇంటికి రాగానే అన్నీ కడిగేసి పెట్టడం చాలామంది చేసే పొరపాటు. ఆకుకూరలు కడగకుండా వేళ్లు కోసి, పొడి నూలుబట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. బెండకాయలకి తడి ఉంటే ముందు ఫ్యాను కింద ఆరబెట్టాలి. టమాటాలు, దోసకాయ, అరటికాయలు బయటే ఉండాలి. అరటికాయని ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది. వంకాయ ఫ్రిజ్‌లో మూడు రోజులకే లోపల గోధుమరంగు తిరుగుతుంది, దాన్ని మంగళవారం దాటనివ్వకండి.

శనివారం మధ్యాహ్నం నుంచి రాత్రి: పిండి

వారంలో సగం టిఫిన్లు దీని మీదే నడుస్తాయి కాబట్టి తొందరపడకండి.

ఇడ్లీకి రవ్వా మినప్పిండీ ఒకటి, దోశకి వేరే పిండి ఒకటి అని రెండు రుబ్బడం మన ఇళ్లలో మామూలే. ఉద్యోగాల ఇంటికి అది బరువు. రెండింటికీ ఒకే పిండి కావాలంటే ఒకటికి మూడు లెక్క: మినపగుండ్లు ఒకటిన్నర గ్లాసు, ఇడ్లీ బియ్యం (ఉప్పుడు బియ్యం) నాలుగున్నర గ్లాసులు, మెంతులు ఒక చెంచా. దోశ ఎర్రగా కాలాలంటే ఇడ్లీ బియ్యంలో ఒక గ్లాసు తగ్గించి దాని బదులు మామూలు బియ్యం వేయండి.

1. బియ్యం ఒక గిన్నెలో, మినపగుండ్లూ మెంతులూ కలిపి ఇంకో గిన్నెలో మధ్యాహ్నం ఒంటిగంటకి నానబెట్టండి. బియ్యానికి ఐదారు గంటలు, మినపగుండ్లకి నాలుగు గంటలు చాలు. మినపప్పు మరీ ఎక్కువసేపు నానితే పిండి పొంగదు.

2. ముందు మినపప్పు రుబ్బాలి. గ్రైండర్‌లో 25 నుంచి 30 నిమిషాలు. నీళ్లన్నీ ఒకేసారి పోయకుండా చల్లటి నీళ్లు చిలకరిస్తూ ఉండండి. గిన్నెలో నీళ్లు పోసి చిటికెడు పిండి వేస్తే తేలాలి, మునిగితే ఇంకో ఐదు నిమిషాలు తిప్పాలి. మిక్సీ అయితే రెండు మూడు విడతలుగా వేసి, ఐస్ నీళ్లు వాడి, జారు వేడెక్కగానే ఆపాలి. వేడెక్కిన పిండి సరిగ్గా పొంగదు.

3. బియ్యం రెండు వాయిలుగా, సన్నరవ్వలా. మెత్తటి ముద్దలా అయిపోతే ఇడ్లీ జిగురుగా వస్తుంది.

4. రెండూ కలిపి చేత్తో రెండు నిమిషాలు బాగా కలియబెట్టండి. ఎండాకాలంలో మెత్తటి ఉప్పు నాలుగు చెంచాలు అప్పుడే వేయాలి, అది పులుపుని కాస్త అదుపులో ఉంచుతుంది. చలికాలంలో పొద్దున పొంగాక వేయండి.

5. గిన్నె సగానికి మించి నిండకూడదు. పొద్దునకి పిండి దాదాపు రెట్టింపవుతుంది, నిండా పోస్తే గట్టు మీద వరద.

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఆరేడు గంటల్లోనే పొంగుతుంది. అందుకని ఆ రోజుల్లో నానబెట్టడం సాయంత్రానికి జరిపి, రాత్రి పదికి రుబ్బండి. డిసెంబర్, జనవరిలో పన్నెండు, పద్నాలుగు గంటలైనా కదలదు. అప్పుడు గిన్నెని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేయండి, లేదా పెద్ద కుక్కర్‌లో అడుగున గోరువెచ్చని నీళ్లు పోసి అందులో నిలబెట్టండి. ఓవెన్ ఉంటే స్విచ్ వేయకుండా లోపలి లైటు మాత్రం వెలిగించి పెడితే చాలు. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకి ఏడాదిలో చాలా నెలలు ఇదే దారి.

పొంగిన వెంటనే, గరిటెతో కలపకముందే, మూడు డబ్బాల్లోకి తీయండి. ఆదివారం ఇడ్లీకి కావలసింది బయట, సోమవారం దోశల డబ్బా ఫ్రిజ్ ముందు వైపు, మిగిలింది వెనక, అడుగు అరలో. ఫ్రిజ్‌లో పులుపు నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. ఒకే డబ్బా పెట్టి రోజూ తీసి, కలిపి, మళ్లీ లోపల పెడితే బుధవారానికి పనికి రాదు.

ఆదివారం

ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగాకే ప్లేట్లు పెట్టాలి. పది నుంచి పన్నెండు నిమిషాలు. పదిహేను దాటితే పైన గట్టిపడుతుంది. దించాక మూడు నాలుగు నిమిషాలు ఆగి, తడి చేసిన చెంచాతో తీయండి. తొందరపడి తీస్తే సగం ఇడ్లీ ప్లేటుకే మిగులుతుంది. ఇడ్లీ చదునుగా వచ్చిందంటే పిండి పలచనైంది, లేదా పొంగలేదు. గట్టిగా వచ్చిందంటే మినపప్పు తగ్గింది, లేదా చాలినంత రుబ్బలేదు.

ఇడ్లీ ఉడికేలోపు కాఫీ. ఈ పానీయం విషయంలో ఇన్‌స్టంట్ పొడితో సరిపెట్టుకునే రోజులు వారంలో ఐదున్నాయి, కనీసం సెలవు రోజైనా ఫిల్టర్ వాడండి. పై గిన్నెలో పొడి మూడు నిండు పెద్ద స్పూన్లు, అంటే దాదాపు 20 గ్రాములు. చిల్లుల బిళ్లతో తేలిగ్గా అదమండి, నొక్కకండి. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి, ముందు రెండు చెంచాలు పోసి పొడిని తడవనిచ్చి, ఆ తర్వాత మిగిలింది పోయాలి. మొత్తం 120 మి.లీ. పావుగంటలో చిక్కటి డికాక్షన్ దిగుతుంది, ఇద్దరికి బాగా, ముగ్గురికి సర్దుబాటుగా సరిపోతుంది. రెండు నిమిషాల్లోనే అంతా దిగిపోతే పొడి బరక, లేదా అదమలేదు. అరగంటైనా నిలబడిపోతే పొడి మరీ మెత్తన, లేదా చిల్లులు పూడుకున్నాయి. ఒక్కోసారి కింద గాలి పట్టేసి ఆగుతుంది, పై గిన్నెని కాస్త ఎత్తి దించితే కదులుతుంది. చిల్లులు పూడుకుంటే ఆ అడుగుని స్టవ్ మంట మీద ఎర్రగా కాల్చి, చల్లారాక బ్రష్‌తో తోమండి.

చికోరీ ఎంత అన్నది మీ ఇష్టం, ప్యాకెట్ మీద శాతం రాసి ఉంటుంది. 20 శాతం చికోరీ ఉన్న పొడి నీటిని పట్టి ఉంచి చిక్కటి డికాక్షన్ ఇస్తుంది. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిన అరకు అరబికా లాంటి స్వచ్ఛమైన పొడి తెచ్చుకుంటే డికాక్షన్ పలచగానే ఉంటుంది. అది నాణ్యత లోపం కాదు, అందులో పాలు తగ్గించాలి. డికాక్షన్‌ని మళ్లీ మరిగించవద్దు, పాలు మాత్రమే పొంగించి పోయండి.

మధ్యాహ్నం కోడికూర చేసుకునే ఇళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. ముప్పావు కిలోకి అల్లంవెల్లుల్లి ముద్ద రెండు చెంచాలు, పెరుగు అరగ్లాసు పట్టించి గంట నాననిస్తే చాలు.

భోజనమయ్యాక గంటన్నర పని ఉంది. ఇది చేస్తేనే మిగతా వారం తేలిక.

చింతపండు 200 గ్రాములు రెండున్నర గ్లాసుల వేడినీళ్లలో అరగంట నానబెట్టి చిక్కటి గుజ్జు తీయండి. అందులో సగం చిటికెడు ఉప్పుతో ఐదు నిమిషాలు ఉడికించి, చల్లార్చి గాజు సీసాలో పోయండి. చారుకీ పులుసుకీ రోజూ రెండు మూడు చెంచాలు తీసుకోవచ్చు. మిగతా సగం శుక్రవారం పులిహోరకి: ఆరు పెద్ద స్పూన్ల నూనెలో చీల్చిన పచ్చిమిర్చి ఎనిమిది వేయించి, పసుపు, ఉప్పు, ఉసిరికాయంత బెల్లం, గుజ్జు వేసి సన్నమంట మీద నూనె పైకి తేలేదాకా ఉడికించండి, ఇరవై నిమిషాల పైనే పడుతుంది. నూనె తేలకముందే దించితే నిలవుండదు.

కందిపొడి: కందిపప్పు ఒక గ్లాసు, ఎండుమిర్చి పది, జీలకర్ర రెండు చెంచాలు. సన్నమంట మీద విడివిడిగా వేయించండి. పప్పు లోపలి దాకా వేగాలి, ఒక గింజ కొరికితే కరకరలాడాలి. పూర్తిగా చల్లారాక ఉప్పు, వెల్లుల్లి ఆరు రెబ్బలు వేసి మిక్సీ పట్టండి. వేడి మీద పడితే ఆవిరి చేరి పొడి ముద్ద కడుతుంది. చారుపొడి కూడా అదే మూకుడులో: ధనియాలు నాలుగు చెంచాలకి మిరియాలు, జీలకర్ర, కందిపప్పు ఒక్కో చెంచా, ఎండుమిర్చి నాలుగు.

తోడు సంగతి. లీటరు పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకోగలిగినంత వేడికి వచ్చాక రెండు చెంచాల పెరుగు చిలికి కలపండి. ఎండాకాలం ఐదు గంటలు, చలికాలం ఎనిమిది నుంచి పది. తోడుకోగానే ఫ్రిజ్‌లోకి. మరీ వేడి పాలలో వేస్తే తోడు చచ్చిపోయి పాలు పాలుగానే ఉంటాయి. పెరుగు తీగలా సాగుతోందంటే తోడు పాడైంది, దాన్ని ఎన్నిసార్లు కొనసాగించినా అదే వస్తుంది. పక్కింటి నుంచి కొత్త తోడు తెచ్చుకోండి.

సోమవారం: దోశలు, గోంగూర పప్పు

దోశల డబ్బా అరగంట ముందు బయట పెట్టాలి. చల్లటి పిండి వేడి పెనానికి అతుక్కుంటుంది, తిప్పితే ముద్దలా లేస్తుంది. పెనం మీద నీళ్లు చల్లితే చుర్రుమని ఆవిరైపోవాలి. అప్పుడు సగం కోసిన ఉల్లిపాయతో నూనె రుద్ది, మంట తగ్గించి పిండి తిప్పి, మళ్లీ పెంచండి. ప్రతి దోశకీ ఇంతే.

గోంగూర సోమవారం దాటకూడదు. పప్పు ఉడకని ఇళ్లలో అసలు గొడవ పులుపు దగ్గరే. కందిపప్పు మెత్తబడకముందే పులుపు తగిలితే గింజ బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎన్ని విజిల్స్ పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. గోంగూర, మామిడికాయ, చింతపండు ఏదైనా ఇదే సూత్రం. టమాటా పులుపు తక్కువ కాబట్టి కుక్కర్‌లో కలిసి ఉడుకుతుంది.

అందుకని పప్పు విడిగా: ఒక గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, చెంచా నూనె, నాలుగు విజిల్స్. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఉప్పునీటి కాఠిన్యానికి కూడా పప్పు ఉడకదు. అరగంట నానబెట్టి, తాగే నీళ్లతో ఉడికించి చూడండి, తేడా మొదటి రోజే తెలుస్తుంది. సోడా జోలికి వెళ్లకండి, పప్పు రుచీ పోతుంది, అందులోని విటమినూ పోతుంది.

ఆకు కోసి, కడిగి, ఐదు పచ్చిమిర్చి, ఒక ఉల్లిపాయ ముక్కలతో, నీళ్లు అరగ్లాసుకి మించకుండా వేరే గిన్నెలో మగ్గనివ్వండి. ఆకుపచ్చ రంగు పోయి మాగినట్టు అవుతుంది, గిన్నె అంచున తేమ బుడగలు కడుతుంది. ఆరేడు నిమిషాలు. అప్పుడు పప్పులో వేసి ఉప్పు చేర్చి పప్పుగుత్తితో మెదపాలి, మిక్సీ కాదు. తాలింపుకి నూనె రెండు పెద్ద స్పూన్లు, ఆవాలు, మినపప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు. వెల్లుల్లి అంచులు ఎర్రబడ్డాక కరివేపాకు, ఇంగువ. పప్పులో పోసి వెంటనే మూత పెట్టండి, వాసన లోపలే ఉండాలి.

బాక్సు అన్నం పొడిపొడిగా ఉండాలంటే బియ్యం వయసు తెలియాలి. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సాంబా మసూరి, అదే బీపీటీ 5204, పాతదైతే గ్లాసుకి రెండుంపావు గ్లాసుల నీళ్లు తాగుతుంది, కొత్తదైతే ఒకటిముప్పావు చాలు. బస్తా మారినప్పుడల్లా మొదటి రోజు కొంచెం తక్కువ నీళ్లతోనే వండి చూసుకోండి.

రాత్రికి తోటకూర వేపుడు, చారు. చారులో పొడి వేశాక కళపెళా మరిగించవద్దు. నురుగు పైకి లేవగానే దించేయాలి, మరిగితే మిరియాల ఘాటు పోయి చేదు మిగులుతుంది.

మంగళ, బుధ: వంకాయ, బెండకాయ, చివరి పిండి

మంగళవారం పిండి పులుపు తేలిపోతుంది, పల్చటి దోశ ఆ పులుపుని దాచలేదు. మందంగా ఊతప్పం వేసి పైన ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర అద్దండి, మూత పెట్టి కాల్చండి. వంకాయ ముక్కలు కోయగానే ఉప్పునీళ్లలో పడాలి. కూరకి అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి నూరిన కారం చాలు.

బెండకాయ వేపుడు జిగురెక్కిందంటే కారణం నీళ్లు. కడిగి, బట్టతో ఒక్కొక్క కాయ తుడిచి, ఆ తర్వాతే కోయాలి. కోసిన ముక్కలు పళ్లెంలో పావుగంట ఆరితే ఇంకా మంచిది. వెడల్పాటి మూకుడులో నూనె మూడు పెద్ద స్పూన్లు, ముక్కలు ఒకే పొరగా, మూత లేకుండా. మొదటి ఐదు నిమిషాలు గరిటె పెట్టకండి. ఉప్పు ముందే వేస్తే నీరు ఊరుతుంది, ఆఖర్న, కారంతో పాటు వేయండి.

బుధవారం పొద్దున ఉప్మా. సాయంత్రం పునుగులు, ఇంకేం కావాలి. వెనక అరలో మిగిలిన పిండి ఇప్పటికి బాగా పులిసి, కాస్త పలచనవుతుంది. మూడు గ్లాసుల పిండికి బొంబాయి రవ్వ మూడు పెద్ద స్పూన్లు, బియ్యప్పిండి రెండు కలిపి పావుగంట ఉంచండి. చేతిలోంచి జారిపోకుండా ముద్దలా పడాలి. పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర అప్పుడే కలపవచ్చు. ఉల్లిముక్కలు మాత్రం నూనె కాగాకే, లేకపోతే నీరొదిలి పిండి మళ్లీ పలచనవుతుంది. నూనెలో ఒక చుక్క వేస్తే అడుగుకి తగిలి వెంటనే పైకి రావాలి. మంట మధ్యస్థంగా ఉంచి, వేళ్లతో చిన్న చిన్నవి వేయండి. నూనె పీలుస్తున్నాయంటే పిండి పలచన, లేదా నూనె చాలినంత కాగలేదు. పైన ఎర్రగా ఉండి లోపల పచ్చిగా ఉంటే మంట ఎక్కువ. పల్లీ పచ్చడి ఉంటే సరే, లేకపోతే కందిపొడిలో నూనె కలిపి పెట్టండి. వాన పడుతుంటే ఆ రోజు రాత్రి భోజనం అక్కర్లేదు.

పిండి మీద గులాబీ రంగో, నల్ల చుక్కలో కనిపిస్తే పై పొర తీసేసి వాడకండి, మొత్తం పారబోయండి. వేయించిన నూనె వడకట్టి ఒకట్రెండు సార్లు తాలింపుకి వాడి ముగించేయాలి.

రాత్రి పడుకునే ముందు పెసలు రెండు గ్లాసులు, బియ్యం నాలుగు చెంచాలు నానబెట్టండి.

గురువారం

పెసరట్టుకి పులియడం లేదు, అందుకే దీన్ని పిండి అయిపోయిన రోజుకి పెట్టాం. ఎనిమిది గంటల నాను చాలు, ఎండాకాలంలో ఎక్కువైతే వాసన వస్తుంది. రెండంగుళాల అల్లం, ఐదు పచ్చిమిర్చి, చెంచా జీలకర్ర, ఉప్పుతో కొంచెం బరకగా రుబ్బి వెంటనే వేయాలి. అట్టు విరుగుతుంటే పిండిలో నీళ్లెక్కువ. కరకరలాడటం లేదంటే బియ్యం తగ్గింది. బాక్సుకి దొండకాయ వేపుడు, రాత్రికి బీరకాయ కూర. బీరకాయ, దోసకాయ వండేముందు చిన్న ముక్క కొరికి చూడటం తప్పనిసరి. చేదుగా ఉంటే ఉప్పూ కారంతో సర్దుకోవద్దు, ఆ కాయ పారేయండి. ఆ చేదు కడుపుకి మంచిది కాదు.

శుక్రవారం: పొద్దున పులిహోర, సాయంత్రం బయట

మూడు గ్లాసుల బియ్యం, గ్లాసుకి పాతిక మి.లీ. తక్కువ నీళ్లతో పలుకుగా వండండి. వెడల్పు పళ్లెంలో ఆరబోసి పసుపు, రెండు చెంచాల నూనె, కరివేపాకు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. ఆదివారం పులుసులో ముప్పావు వంతే ముందు కలపండి. అరగంటకి అన్నం పులుపు పీల్చుకుంటుంది, అప్పుడు రుచి చూసి మిగతాది. ఒకేసారి అంతా వేస్తే వెనక్కి తీసే దారి లేదు. తాలింపులో శనగపప్పు, మినపప్పు, పల్లీలు, ఎండుమిర్చి. గోదావరి జిల్లాల పద్ధతిలో ఆవ పెట్టాలనుకుంటే చెంచా ఆవాలు, ఒక ఎండుమిర్చి పచ్చివే నూరి, అన్నం చల్లారాక కలపండి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది.

బయటికి శనివారం, ఆదివారం కాకుండా శుక్రవారమే ఎందుకంటే ఇంట్లో అరటికాయలూ దోసకాయా తప్ప ఏమీ మిగల్లేదు, హోటల్లో క్యూ కూడా తక్కువ. బిర్యానీకైతే ఏడు గంటలకి చేరండి, హండీ అప్పుడే తెరిచి ఉంటుంది. పదింటికి వచ్చేది అడుగు అన్నం. హైదరాబాద్ హోటళ్లలో ఒక ప్లేటు మామూలుగా ఇద్దరికి సరిపోతుంది కాబట్టి నలుగురికి రెండు ప్లేట్లు చెప్పి, చాలకపోతే మూడోది. మొదటే నాలుగు చెప్పించే సర్వర్ మాట వినక్కర్లేదు. వడ్డించేటప్పుడు గరిటె పక్క నుంచి అడుగుదాకా దించి తీయాలి, మసాలా, ముక్కలు కిందే ఉంటాయి.

బిల్లు చదవండి. మామూలు రెస్టారెంట్లో జీఎస్టీ 5 శాతం. కాంపోజిషన్ పథకంలో, అంటే అమ్మకాల మీద తక్కువ రేటుతో తానే పన్ను కట్టే పద్ధతిలో ఉన్న చిన్న హోటల్ కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. సర్వీస్ ఛార్జి తప్పనిసరి కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాలు అదే చెప్పాయి, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. బిల్లులో కలిపి ఉంటే తీసేయమని మర్యాదగా అడగండి, వినకపోతే 1915 హెల్ప్‌లైన్ ఉంది. బాగా వడ్డించిన మనిషికి ఇచ్చే టిప్ అతని చేతికే ఇవ్వండి.

మిగిలిన బిర్యానీ ప్యాక్ చేయించుకుంటే వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో ఉండాలి. బయట రాత్రంతా ఉన్న అన్నంలో పెరిగే విషం వేడి చేసినా పోదు. మర్నాడు రెండు చెంచాల నీళ్లు చల్లి, మూత పెట్టి, సన్నమంట మీద ఒక్కసారే వేడి చేయండి.

బండి దగ్గర మిర్చి బజ్జీ తినాలనిపిస్తే ముందు మూకుడు వైపు చూడండి. నూనె నల్లగా, నురుగు కక్కుతూ, వాయి వేయకముందే పొగలు కక్కుతుంటే పక్క బండి. పదేపదే కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె పాడయ్యే కొద్దీ పుట్టే పదార్థాలు, 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన, బండి మీద దాన్ని కొలిచేవాళ్లెవరూ ఉండరు గనక కళ్లే కొలత. ఇరానీ చాయ్ దగ్గర ఇంత పరీక్ష అక్కర్లేదు. చార్మినార్ పక్కనో, మీ వీధి చివరి కేఫ్‌లోనో ఒక చాయ్, రెండు ఉస్మానియాలు చెప్పండి. బిస్కెట్‌ని సగం ముంచి రెండు లెక్కపెట్టే లోపు తీయాలి, మూడు లెక్కపెడితే కప్పు అడుగున స్పూన్‌తో వెతుక్కోవాలి. విజయవాడ వెళ్లే పని పడితే పొద్దున టిఫిన్ బాబాయ్ హోటల్ ఇడ్లీ, పైన వెన్న, కారప్పొడి. ఆ రోజు ఇంకేదీ ప్లాన్ చేసుకోకండి.

మళ్లీ శనివారం వచ్చేలోపు మిగిలినవి

సంచి పట్టుకునే ముందు ఫ్రిజ్ ఒకసారి తెరవండి. అరటికాయ వేపుడూ దోసకాయ పప్పూ శనివారం మధ్యాహ్నానికి. టమాటాలు మెత్తబడి ఉంటే అన్నీ కలిపి పచ్చడి. కొత్తిమీర కాడలు చారులోకి. వారమంతా మిగులుతూ వచ్చిన పుల్ల పెరుగుని మాత్రం పారేయకండి, అది మజ్జిగ పులుసు. రెండు గ్లాసుల పుల్ల మజ్జిగలో శనగపిండి రెండు చెంచాలు ఉండల్లేకుండా ముందే కలపాలి, వేడెక్కాక వేస్తే ఉండ కడుతుంది. సొరకాయో, ఉన్న ఏ ముక్కో, పచ్చిమిర్చి, అల్లంతో ఉడికించి మజ్జిగ పోసి, సన్నమంట మీద గరిటె ఆపకుండా తిప్పుతూ ఉండండి. అంచుల్లో మొదటి పొంగు కనిపించగానే దించి, తాలింపు అప్పుడు వేయాలి. ఒక్క నిమిషం ఎక్కువ మరిగితే విరిగి నీరు ఒకవైపు, ముద్ద ఒకవైపు అవుతుంది.